ఇసుక సంచి ఉలిక్కిపడింది

ఆ ఇంట్లో జలుబు లేనివాళ్ళు కూడా దగ్గుతూనే గదిలోకి వస్తారు. వంటింట్లోంచి హాల్లోకి రావాలంటే ఇల్లాలికి రెండు దగ్గులు. కాలేజీ నుంచి వచ్చే కూతురైతే వీధి మలుపు దగ్గర్నుంచే "నాన్నా, వస్తున్నా... గేటు తీస్తున్నా... చెప్పులు విడుస్తున్నా..." అంటూ రైల్వేస్టేషన్లో మైకులాగా చెప్పుకుంటూ వస్తుంది. ఇంటాయన ఉలికిపాటు మనిషి. ఎవరైనా అలికిడి లేకుండా వెనకనుంచి పలకరిస్తే చాలు, కూర్చున్నచోటే జానెడు పైకి లేస్తాడు. చేతిలో కాఫీ ఉంటే అది మూరెడు లేస్తుంది.

పెళ్ళయిన కొత్తలో అత్తవారింట్లో పిల్లలెవరో బెలూన్ పగలగొడితే ఈయన ఎగిరి మామగారి ఒళ్ళో కూర్చున్నాడు. మామగారు మర్యాదస్తుడు. "ఫరవాలేదు అల్లుడుగారూ, కూర్చోండి" అన్నాడు. ఆ మాటతో ఈయనకి ఇంకా చచ్చేంత సిగ్గేసింది. మరోసారి బ్యాంకులో గుమాస్తా ధడాల్న స్టాంపు వేస్తే వరసలో ముందున్న ముక్కూమొహం తెలియని మనిషిని కావలించుకున్నాడు. ఆయన కాసేపు అలాగే ఉండి, "మనం ఎక్కడ కలిశామండీ?" అని అడిగాడు.

ఇలాంటి మనిషి ఏ ఉద్యోగం చేస్తాడనుకుంటున్నారు? ఉలికిపాటును కొలిచే ఉద్యోగం.

అదేమీ కోరి తెచ్చుకున్నది కాదు. మొదట టైర్ల కొట్టులో చేరాడు. మూడో రోజున ఎక్కడో ట్యూబు పేలితే చేతిలో ఉన్న బంక డబ్బా ఓ పెద్దమనిషి నెత్తిన బోర్లించాడు. ఆ మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేశాడు. తర్వాత ఓ పరిశోధనాలయంలో ఎలుకల పంజరాలు కడిగే పని దొరికింది. వెళ్ళి చూస్తే స్వర్గం! ఎలుకలు బెదరకూడదని అక్కడ అందరూ మెత్తటి చెప్పులేసుకుని నడుస్తారు. తలుపులకి చప్పుడు కాకుండా గుడ్డపట్టీలు. లోపలికొచ్చే ముందు బయట దీపం వెలిగించి తెలియజేయాలి. ఎలుకల కోసం పెట్టిన నియమాలన్నీ ఆయన కొలతలు తీసి కుట్టినట్టు సరిపోయాయి. ఇరవై రెండేళ్ళయింది, ఆయన ఉలికిపాటు మనిషన్న సంగతి ఆఫీసులో పురుగుక్కూడా తెలియదు.

పంజరాలు కడిగే చెయ్యి మెల్లగా సూది పట్టింది. అప్పటి ముసలి ప్రొఫెసరు నేర్పాడు. ఎలుక వెన్నుపూసల సందులోంచి సన్నని సూది దించి, వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి చుక్కలో అయిదో వంతు మందు వదలాలి. ఎలుకని తువ్వాలులో చుట్టి, దాంతో కబుర్లు చెబుతూ, అది ఆ కబుర్లు వింటుండగానే పని ముగించేస్తాడు ఈయన. కొత్తగా వచ్చిన రీసెర్చి పిల్లలు పది ప్రయత్నాలకి రెండు కుదిరితే మురిసిపోతారు. ఈయనకి తప్పడమన్నది లేదు. మొదట్లో వెక్కిరింపుగా పెట్టిన "ఎలుకల బాబాయి" అన్న పేరు, ఆ సూది వల్లే, కొన్నాళ్ళకి "బాబాయిగారు" అయింది. ఆ "గారు" మీద ఆయనకి ఎంత మమకారమంటే, ఎవరైనా మర్చిపోతే ఆ పూట వాళ్ళ పంజరం చివర్న శుభ్రం చేసేవాడు.

ఆ ప్రయోగమేమిటో ఓ ఆదివారం చిక్కుడుకాయలు ఒలుస్తూ భార్యకి వివరించాడు.

"చూడూ, ధన్ మని చప్పుడయిందనుకో. చెవిలో పడీ పడగానే మెదడు అడుగు భాగంలో కొన్ని కణాలు 'లే, ఎగురు!' అని వెన్నుపాములోకి కేకేస్తాయి. మనకింకా ఆలోచన కూడా రాదు. ఆ కేక వెళ్ళి కండరాల్ని లాగే కణాలకి తగుల్తుంది. అక్కడ గ్లైసీన్ అని ఓ రసాయనం ఉంటుంది. పిల్లలు మరీ గంతులేస్తుంటే 'చాల్లే, తగ్గు' అనే మేనత్త లాంటిదనుకో. ఆవిడ గట్టిదైతే గంతు చిన్నది. ఆవిడ నోరు మూస్తే గంతు అటకని తాకుతుంది. మేం ఆ మేనత్త బలం పెంచితే ఎలుక ఎంత తక్కువ ఎగురుతుందో కొలుస్తాం."

"మరి మీ మేనత్తకేమయింది?"

"సెలవులో ఉన్నట్టుంది."

"నేను కాపురానికొచ్చినప్పట్నుంచీ సెలవేనా! జీతం కోయండి ఆవిడకి" అని ఆవిడ చిక్కుడు గింజ ఒకటి ఆయన మీదికి విసిరింది. చెప్పకుండా విసిరింది కాబట్టి ఒలిచినవన్నీ నేలపాలయ్యాయి.

కొలిచే పద్ధతి ఇది. చిన్న గదిలో ఓ బల్ల, దానిమీద పలుచటి లోహపు పీట, పీటమీద ఎలుక పట్టేంత గాజు గొట్టం. పైన స్పీకర్. ఎలుకని గొట్టంలో పెట్టి, మనిషి బయటికొచ్చి తలుపేసి, పక్క గదిలోని కంప్యూటర్లో మీట నొక్కాలి. ఎలుక కుదుటపడటానికి అయిదు నిమిషాలు నిశ్శబ్దం. ఆ తర్వాత ముప్పై చప్పుళ్ళు, ఎప్పుడు వస్తాయో తెలియకుండా ఎడం మార్చి మార్చి వస్తాయి. ఎలుక ఎగిరినప్పుడల్లా పీట అదురుతుంది. ఆ అదురులో అన్నిటికన్నా ఎత్తయినది ఎంతో చూసి యంత్రం ఒక అంకె రాస్తుంది.

మనిషి బయట ఉండాలన్నది నియమం. బాబాయి మీట నొక్కి, మళ్ళీ లోపలికెళ్ళి, తలుపేసుకుని, మూల స్టూలు మీద కూర్చుంటాడు. "ఒంటరిగా వదిలేస్తే బిక్కచచ్చిపోతాయండీ, నా వాసన తెలిస్తే ధైర్యంగా ఉంటాయి" అనేవాడు పాత ప్రొఫెసరుతో. ఆయన చూసీచూడనట్టు ఊరుకున్నాడు. తర్వాత వచ్చిన మేడమ్‌కి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెవుల్లో దూది పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ముప్పై చప్పుళ్ళకీ ముప్పైసార్లు ఎగిరి దిగేవాడు బాబాయి. చూసేది ఎలుక ఒక్కటే. అదీ తన గొడవలో తాను ఉండేది.

ఆరు నెలల కిందట కింది అంతస్తులో ఉన్న ఆ గదిని వేరే యంత్రానికిచ్చి, వీళ్ళ బల్లని పై అంతస్తుకి మార్చారు. కింద కాంక్రీటు నేల. పైన పాతకాలపు చెక్క పలకల నేల. ఈ తేడాని ఎవరూ పట్టించుకోలేదు, పాలిష్ బాగుందని మాత్రం అందరూ అన్నారు.

ఓ సోమవారం ఉదయం మేడమ్ పిలిచింది. వెళ్ళేసరికి బల్లనిండా కాగితాలు. పక్కన రీసెర్చి అమ్మాయి, ఏడ్చి మొహం కడుక్కున్నట్టుంది. ఆమె సిద్ధాంత వ్యాసమంతా ఈ ఎలుకల మీదే.

"కూర్చోండి బాబాయిగారూ" అంది మేడమ్. ఆమె ఈయన కన్నా పదేళ్ళు చిన్నది, ఎప్పుడూ గొంతు పెంచదు. ఆ రోజు మరీ తగ్గించింది.

"గ్లైసీన్ ఇచ్చిన ఎలుకలు తక్కువ ఎగరాలి. ఉప్పునీళ్ళు ఇచ్చినవి మామూలుగా ఎగరాలి. ఆరు నెలల అంకెలు చూడండి. అన్నీ ఒక్కలాగే ఎగురుతున్నాయి. తేడానే లేదు."

"మందు పనిచేయట్లేదేమోనండీ."

"మీరు పంటి నొప్పితో వారం సెలవు పెట్టారు కదా, ఆ వారం పనిచేసింది. ఆ పన్నెండు ఎలుకలకీ చక్కగా తేడా వచ్చింది. ఆ వారం సూదులు నింపింది ఈ అమ్మాయి."

బాబాయికి అర్థమైంది. అయినా అడిగాడు. "అంటే ఏమంటారండీ?"

"నేనేం అనటంలేదు. సీసాలు రెండూ ఒకలాగే ఉంటాయి. వయసు మీద పడుతుంటే చూపు..." మేడమ్ ఆగింది. "రేపట్నుంచి సూదులు అమ్మాయి నింపుతుంది. మీరు పంజరాలు చూసుకోండి. ఈ ఆరు నెలల లెక్కలు తీసి పారేయాల్సిందే."

రీసెర్చి అమ్మాయి తలెత్తలేదు. "బాబాయిగారూ, నేనేం చెప్పలేదండీ" అని మాత్రం అంది.

ఆయన నీలం చీటీ సీసాలో గ్లైసీన్, తెల్ల చీటీ సీసాలో ఉప్పునీళ్ళు అని ప్రతిసారీ పైకి చదువుకుని, పుస్తకంలో రాసుకుని, రాసింది మళ్ళీ చదువుకుని నింపే మనిషి. ఎవరో చెంప మీద కొట్టి "దెబ్బ తగల్లేదుగా?" అని అడిగినట్టయింది.

ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే జరిగింది చెప్పాడు. భార్య ఆ రోజు దగ్గడం కూడా మర్చిపోయింది.

"మీరు ఇంట్లో ఉప్పు డబ్బాకీ పంచదార డబ్బాకీ తేడా తెలియని మనిషే. కాదన్ను" అంది. "కానీ అక్కడ మాత్రం తప్పు చెయ్యరు. ఆ మిషనే వంకరైందేమో చూడకూడదూ?"

"మిషన్‌కి రోజూ బరువు పెట్టి చూస్తాంగా."

"బరువు పెట్టి చూస్తారు సరే, చప్పుడు పెట్టి చూశారా?"

బాబాయి చెప్పులు విప్పబోతున్నవాడు అలాగే నిలబడిపోయాడు. చూడలేదు. ఎవరూ చూడలేదు. బరువు పెట్టి పీట సరిగ్గా ఉందా అని చూస్తారే గాని, బరువుకి చప్పుడు వినిపించాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది?

మర్నాడు అందరికన్నా ముందే వెళ్ళాడు. ఎలుకంత బరువుండేలా కుట్టిన ఇసుక సంచి ఒకటి ఉంటుంది అక్కడ. దాన్ని గాజు గొట్టంలో పడుకోబెట్టి, బయట మీట నొక్కి, అలవాటు ప్రకారం లోపలికెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. ఇసుక సంచికి ధైర్యం చెప్పాల్సిన పనేముందని ఆయనకి తట్టనే లేదు. కాళ్ళు వాటంతటవే తీసుకెళ్ళాయి. ముప్పై చప్పుళ్ళు అయ్యాయి. బయటికొచ్చి తెర చూశాడు.

ఇసుక సంచి ముప్పైసార్లు ఎగిరింది. మామూలుగా కాదు, బలమైన మగ ఎలుకంత ఎగిరింది.

బాబాయి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "దొరికావే!" అని యంత్రాన్ని పట్టుకుని ఓ మాట అనేశాడు, ఆ మాట ఇక్కడ రాయడం బాగోదు. మేడమ్ గదికి పరిగెత్తాడు. క్లాసు చెబుతోంది, పదకొండింటికి గాని రాదు. సరే, ఈలోగా ఇంకోసారి చేసి రెండు సాక్ష్యాలు చూపిద్దామని తిరిగొచ్చాడు. ఈసారి మీట నొక్కేసరికి క్యాంటీన్ మనిషి టీ తెచ్చిచ్చాడు. టీ పట్టుకుని లోపలికెళ్ళకూడదు. బయటే నిలబడి తాగాడు.

ముప్పై చప్పుళ్ళయ్యాయి. తెర మీద గీత నున్నగా, ఇస్త్రీ చేసినట్టుంది. ఇసుక సంచి ఒక్కసారి కూడా ఎగరలేదు.

ఇదేం చోద్యం? మళ్ళీ లోపల కూర్చుని చేశాడు. సంచి ఎగిరింది. బయట నిలబడి చేశాడు. సంచి నిద్రపోయింది. నాలుగోసారి లోపలికెళ్ళి, స్టూలు మీద కూర్చుని, మొట్టమొదటిసారిగా కళ్ళు తెరిచి ఉంచాడు. ధన్! ఆయన మడమలు రెండూ లేచి చెక్క పలక మీద దబ్బున పడ్డాయి. పలక వణికింది. పలక మీదున్న బల్ల, బల్ల మీదున్న పీట, పీట మీదున్న సంచి, అన్నీ వరసగా వణికాయి.

ఆరు నెలలుగా యంత్రం రాసిన అంకెలు ఎలుకలవి కావు, తనవి.

అప్పుడు ఆయన మనసులో ఏం జరిగిందో దాచకుండా చెప్పాలి. మొదట వచ్చిన ఆలోచన, నోరు మూసుకుని ఊరుకుందామని. ఇకనుంచి ఎటూ లోపల కూర్చునేది ఉండదు. అంకెలు సరైపోతాయి. ఇన్నేళ్ళు దాచుకున్నది దాగే ఉంటుంది. ఉలికిపాటును కొలిచే చోట ఉలిక్కిపడే మనిషి పని చేస్తున్నాడంటే ఎంత నవ్వులాట! క్యాంటీన్లో గ్లాసులు పడేసి చూస్తారు. వెనకనుంచి వచ్చి చప్పట్లు కొడతారు. "గారు" ఊడిపోతుంది.

కాని అంకెలు సరైపోతే అందరూ ఏమనుకుంటారు? సూది చెయ్యి మారింది కాబట్టి సరైందనుకుంటారు. సీసాలు తారుమారు చేసింది ముసలాయనేనని ఖాయమైపోతుంది. అదీగాక ఆ అమ్మాయి ఆరు నెలల కష్టం చెత్తబుట్టలో పడుతుంది. పిరికివాడంటే పడొచ్చు, మామగారి ఒళ్ళో కూర్చున్నవాడికి అదేమంత కొత్త కాదు. చేతగానివాడంటే మాత్రం పడలేడు.

పదకొండింటికి మేడమ్ గది తలుపు తట్టాడు.

"మేడమ్, సీసాలు మారలేదు. నేను... లోపల కూర్చుంటానండీ."

"ఎక్కడ లోపల?"

"ఎలుక దగ్గర. చప్పుడప్పుడు."

"నియమం..."

"తప్పేనండీ. ఇంకోటి కూడా ఉంది." బాబాయి వెనక తలుపు దగ్గరగా వేశాడు. "చప్పుడైతే నేను ఎగురుతానండీ."

మేడమ్‌కి అర్థం కాలేదు. చెప్పడం కన్నా చూపించడమే నయమని, ఆమెనీ అమ్మాయినీ తెర ముందు కూర్చోబెట్టి, ఇసుక సంచిని గొట్టంలో పెట్టి, తాను లోపలికెళ్ళి కూర్చున్నాడు. తలుపుకున్న చిన్న అద్దంలోంచి ఇద్దరూ చూశారు. మొదటి చప్పుడుకి అమ్మాయి "అయ్యో" అంది. రెండో చప్పుడుకి మేడమ్ నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. అయిదోదానికి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక గోడవైపు తిరిగారు. లోపల ఆయన మాత్రం పరీక్ష రాసేవాడిలా నిటారుగా కూర్చుని, ముప్పై చప్పుళ్ళకీ మొహం మాడ్చుకోకుండా ఎగిరాడు.

బయటికొచ్చేసరికి మేడమ్ నవ్వడం లేదు. తెరకి ముక్కు ఆనించి చూస్తోంది.

"బాబాయిగారూ, ఎలుక ఉన్న పాత రికార్డు ఒకటి తీయండి. అంకె కాదు, అసలు గీత."

తీశారు. యంత్రం ఎత్తయిన అంకె ఒకటి రాసి ఊరుకునేది కాబట్టి ఇన్నాళ్ళూ గీతని ఎవరూ చూడలేదు. చూస్తే గీతలో కెరటాలు రెండున్నాయి. మొదటిది చిన్నది, చప్పుడయ్యాక సెకనులో యాభయ్యో వంతుకే లేచి దిగిపోయింది. రెండోది బాగా వెనకాల, తీరిగ్గా, కొండలాగా లేచింది.

"ఎలుక ఎగిరి దిగిపోయాక మీరు బయల్దేరుతున్నారు" అంది మేడమ్. "ఒళ్ళు పెద్దది కదా. కేక మెదడు నుంచి కాళ్ళ దాకా దిగడానికి దూరం ఎక్కువ, కండరాలు కదలడానికీ ఆలస్యమే. ఎలుక కన్నా మీరు చాలా నిదానం."

"అది మా ఆవిడ ఎప్పుడో చెప్పిందండీ."

అమ్మాయి అప్పటికే కుర్చీ లాక్కుంది. "మేడమ్, రెండో కెరటం మొదలయ్యే ముందే గీతని కత్తిరించేస్తే?"

ఆ రోజంతా, మర్నాడంతా కత్తిరించింది. బాబాయి పంజరాలు కడుగుతూ ప్రతి గంటకీ ఓసారి అటువైపు ఏదో మర్చిపోయినట్టు వెళ్ళొచ్చాడు. మర్నాడు సాయంత్రానికి ఆరు నెలల ఎలుకలూ తేలాయి. పుస్తకంలో నీలం చీటీ అని రాసిన ప్రతి ఎలుకా తక్కువ ఎగిరింది. తెల్ల చీటీ అని రాసిన ప్రతి ఎలుకా మామూలుగా ఎగిరింది. పన్నెండు వందల సూదులు, ఒక్క తారుమారు లేదు.

మేడమ్ పంజరాల గదికి తానే వచ్చింది. వచ్చేముందు బయట దీపం వెలిగించింది, ఆపైన తలుపు మీద మెల్లగా రెండుసార్లు తట్టింది కూడా.

"నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను బాబాయిగారూ. నా చేతుల్తో నేను వేసినా ఇంత శుభ్రంగా రావు."

"లోపల కూర్చోవడం నాదే తప్పండీ" అన్నాడు ఆయన. గొంతు మాత్రం తప్పు ఒప్పుకునేవాడి గొంతులా లేదు.

"ఇక కూర్చోకండి. అయినా ఉలిక్కిపడటానికీ పిరికితనానికీ సంబంధం లేదు, ఆ సంగతి మీకు తెలియందా? ఆలోచన పుట్టకముందే అయిపోయేదానికి సిగ్గెందుకు?"

తెలుసు. ఇంట్లో చిక్కుడుకాయల దగ్గర పాఠం చెప్పింది తనే. అయినా మేడమ్ నోట వింటే వేరు.

నాలుగు నెలల తర్వాత ఆ అమ్మాయి వ్యాసం మీద సభ పెట్టారు. హాలు నిండింది. ప్రశ్నలడగడానికి బయటి ఊరినుంచి ఓ పెద్ద పరీక్షకుడు వచ్చాడు. కనుబొమ్మలు దట్టంగా, నవ్వుకి చోటివ్వని మొహం. బాబాయి ఆఖరి వరసలో, ఇస్త్రీ చొక్కాలో కూర్చున్నాడు. భార్య పక్కన కూర్చుంది, ఎవరైనా చప్పట్లు మొదలుపెట్టబోతే ముందే ఆయన మోచేతిని తాకడానికి.

తెర మీద రెండు కెరటాల గీత రాగానే పరీక్షకుడు పెన్సిల్ ఎత్తాడు. "ఆ రెండోది ఏమిటి?"

అమ్మాయి తడబడింది. బాబాయి పేరు బయటపెట్టనని మాటిచ్చింది పాపం. "అది... గదిలో ఒక మనిషి ఉన్నారండీ. వారి కదలిక..."

"ఎవరా మనిషి?"

భార్య ఆయన చొక్కా పట్టుకుంది. ఆయన లేచి నిలబడ్డాడు.

"నేనేనండీ. చప్పుడైతే ఎగురుతాను."

హాలంతా ఘొల్లుమంది. బాబాయి కూర్చోలేదు. నవ్వు అయిపోయేదాకా, ఎలుక కుదుటపడటానికి ఆగినట్టు ఓపిగ్గా ఆగాడు.

"సూది వేసేటప్పుడు చప్పుడుండదండీ" అన్నాడు తర్వాత. "పన్నెండు వందలు వేశాను. ఒక్కటీ తప్పలేదు."

"తప్పలేదని నీకెలా తెలుసు?" అన్నాడు పరీక్షకుడు.

"తోక చెబుతుందండీ. సూది చేరాల్సినచోట చేరితే తోక ఒక్కసారి ఇలా ఆడుతుంది." చూపుడువేలు చటుక్కున ఆడించి చూపించాడు. "ఆడకపోతే మందు వదలను. తీసేసి, కాసేపు కబుర్లు చెప్పి, మళ్ళీ మొదట్నుంచి."

పరీక్షకుడి కనుబొమ్మలు లేచాయి. "నేను ముప్పై ఏళ్ళుగా ఈ పని చేయిస్తున్నాను. మా దగ్గర నాలుగింట ఒకటి తప్పుతుంది. మీరోసారి ఇలా ముందుకి రండి." అని తన పక్క కుర్చీ జరిపాడు.

సభ అయిపోయింది. అందరూ టీకి లేచారు. అమ్మాయిని అభినందించేవాళ్ళు అభినందిస్తున్నారు, చప్పట్లు కొట్టేవాళ్ళు కొడుతున్నారు. మోచెయ్యి తాకడానికి పక్కన భార్య లేదు కాబట్టి బాబాయి రెండుసార్లు ఎగిరాడు కూడా. ఎగిరిన ప్రతిసారీ "క్షమించండి" అని మళ్ళీ పనిలో పడ్డాడు. పరీక్షకుడి పిడికిలిని ఎలుక వీపులాగా బల్ల మీద పెట్టించి, పెన్సిల్ మొనతో కణుపుల మధ్య సందు వెతికి చూపిస్తున్నాడు.

"బిగించకండి సార్, కాస్త వదులుగా పెట్టండి. బిగిస్తే దారి దొరకదు. ఆఁ, ఇక్కడ, ఈ పల్లం తెలుస్తోందా?"

"తెలుస్తోందండీ" అన్నాడు పరీక్షకుడు.